రెండు రెక్కల సాక్షులు

నేను ఒక భూతద్దాన్ని. అలా అనగానే పిడి పట్టుకుని పెద్దవాళ్ళు పంచాంగం చదువుకునే గుండ్రటి అద్దం మీకు గుర్తొస్తుంది. అది నాకు పెద్దమ్మ కొడుకు వరస. నేను వేరు. గడియారాలు బాగుచేసేవాళ్ళు ఒక కన్ను మూసుకుని రెండో కంటిగుంటలో బిగించుకుంటారే, చిన్న నల్లటి గరాటు లాంటిది, అదీ నేను. నన్ను చేత్తో పట్టుకునే పని లేదు. కనుబొమ్మ, చెంప కలిసి నన్ను మోస్తాయి. మనిషి ముఖానికి ఇంత దగ్గరగా బతికిన వస్తువులు తక్కువ. ముక్కుపుడక ఉంది కానీ, పాపం, దానికి చూపు లేదు.

నాకు వచ్చిన విద్య ఒక్కటే. ఉన్నదాన్ని పదింతలు చేసి చూపిస్తాను. లేనిదాన్ని చూపించడం నాకు చేతకాదు. ఆ పని మనుషులు నా సాయం లేకుండానే చేసుకుంటారు.

నేను పుట్టింది అంబాలాలో. ఒక ఇరుకు గదిలో, ఎర్రగాజులు వేసుకున్న ఒక ఆవిడ నన్ను తడిపిన సానపొడిలో పెట్టి రోజుల తరబడి రుద్దింది. గీత పడితే మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి వెలుతురుకి ఎదురుగా నన్ను పట్టుకుని, నాలోంచి తన బొటనవేలు చూసుకుంది. వేలిముద్రలోని గీతలు పొలం చాళ్ళలా కనిపించాయి. అదే నేను చూపించిన మొదటి దృశ్యం. ఆవిడ పెద్దగా మురిసిపోలేదు. పక్కన పెట్టి ఇంకో గాజుముక్క అందుకుంది.

అక్కడినుంచి రైలెక్కి విజయనగరం వచ్చాను. గంటస్తంభం దగ్గర సందులో గఫార్ సాయిబు గడియారాల కొట్టు ఉండేది. కొట్టంటే పెద్దదేం కాదు. అద్దాల పెట్టె ఒకటి, స్టూలు ఒకటి, వాటి వెనక సాయిబు. ముప్పయ్యేళ్ళు ఆయన కుడికన్నే నా ఇల్లు. అక్కడ నేను చూసినవి గడియారాలకన్నా గడియారాల యజమానులనే. "అస్సలు నీళ్ళు తగల్లేదండి" అనే పెద్దమనిషి వాచీలో చేపపిల్లలు ఈదేంత నీరుండేది. "దానంతటదే ఆగిపోయింది" అన్నవాడి వాచీ లోపల పిన్నీసు మొన విరిగి ఉండేది. సాయిబు ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. పట్టకారుతో ఆ మొన తీసి, కాగితం ముక్కలో చుట్టి, వాచీతో పాటు వాళ్ళకే ఇచ్చేసేవాడు.

తర్వాత జనం జేబుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. టైము చూడ్డానికి చెయ్యెత్తేవాళ్ళు తగ్గిపోయారు. సాయిబు కంట్లో శుక్లం కూడా వచ్చింది. కొట్టు ఖాళీ చేసిన రోజు ఆయన నన్ను రెండో కూతురు షాహిదా చేతిలో పెట్టాడు. ఆమె జంతుశాస్త్రం చదివి, అప్పటికే సర్కారు బడిలో టీచరు.

"పురుగుల పాఠాలు చెప్తావు గదా బేటీ, పట్టుకెళ్ళు. నాకింక వాచీలూ లేవు, కన్నూ లేదు" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని నన్ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను. పిన్నీసులు, జలుబు మాత్రలు, బస్సు టిక్కెట్లు, సగం తిన్న చాక్లెట్టు నా ఇరుగుపొరుగు. పాఠాలు చెప్పడానికి షాహిదా టీచరుకి నా అవసరం పడలేదు. ఆమె బొమ్మలు గొప్పగా వేస్తుంది. రంగు సుద్దలతో నల్లబల్ల మీద తేనెటీగ వేస్తే, ఆరు కాళ్ళు, నాలుగు రెక్కలు, మోచెయ్యిలా వంగిన మీసాలు, ఒక్కటి తక్కువయ్యేది కాదు. పిల్లలు దాన్ని చూసి పుస్తకాల్లో వేసుకునేవారు. కిటికీ అవతల బంతిమొక్కల మీద అసలు పురుగులు తిరుగుతుండేవి. బొమ్మ ఇంత బాగా కుదిరాక పురుగుతో పనేముంది?

ఆ బడి ఉన్న ఊరు జీలుగువలస. సాలూరు వైపు కొండల కింద ఉంటుంది. బడి వెనక గోడ, గోడ వెనక జీడితోట. ఆ తోటలో అసిరితల్లి అనే ఆమె పది తేనెపెట్టెలు పెట్టుకుని బతుకుతుంది. ఎక్కడో శిక్షణ ఇస్తున్నారంటే వెళ్ళి నేర్చుకుని వచ్చిందట. అది జరిగి అప్పటికి తొమ్మిదేళ్ళు. చేతులకి తొడుగులు లేకుండా, తలకి ఒక పాత తువ్వాలు చుట్టుకుని పెట్టెలు తెరుస్తుంది.

జీడితోట పూతమీదున్న రోజులవి. ఒక మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తిని కుళాయిల దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. కుళాయిల పక్కనే బంతిమడి. మడి మీద పసుపు, నలుపు చారల పురుగులు పదో ఇరవయ్యో గాలిలో నిలబడి ఉన్నాయి. నాలుగురోజులుగా ఉంటూనే ఉన్నాయి. ఆ రోజు మాత్రం వంటమనిషి సన్యాసమ్మ వాటిని తలెత్తి చూసింది. గరిటెతో గిన్నె మీద బాదుతూ, "తేనెటీగలు లేసిపోనాయర్రా, పరిగెట్టండి" అని కేకపెట్టింది.

రెండువందలమంది పిల్లలు ఒక్కసారిగా పరిగెత్తారు. ఏడో తరగతి చదివే లిఖిత కుళాయి నీళ్ళు పోయే కాలవ దగ్గర పడింది. లేచేసరికి ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయి ఉంది.

లిఖిత సర్పంచి చిన్నంనాయుడు మనవరాలు. అరగంటలో ఆయన మోటారు సైకిలు మీద బడికి వచ్చాడు. చిన్నంనాయుడు చెడ్డమనిషి కాదు. ఇస్త్రీ చొక్కా మనిషి, అంతే. మనవరాలిని సాలూరు ఆస్పత్రికి పంపి, కట్టు వేయించి, తెల్లారి మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో ఒక కాగితం ఉంది.

"గుంట సెయ్యి ఇరిగిపోనాది. రేపు ఇంకో గుంట పేనం మీదికొస్తే ఎవులు జవాబు సెప్తారు?" అన్నాడు స్టాఫురూములో కూర్చుని. "గోడవతల ఆ పెట్టెలుండగా బడికి సుకం లేదు. సయన్సు మేడంగారు ఒక్క మాట రాస్తే సరిపోద్ది."

షాహిదా టీచరు కిటికీలోంచి చూసింది. బంతిమడి మీద పసుపు, నలుపు చారలు ఆడుతున్నాయి. ఆమె నల్లబల్ల మీద వేసే బొమ్మకి ఉన్నటువంటి చారలే. 'పాఠశాల ఆవరణలో తిరుగుతున్నవి తేనెటీగలేనని ధ్రువీకరిస్తున్నాను' అని రాసి సంతకం పెట్టింది. ఎమ్మెస్సీ, బీఈడీ అని కింద అందంగా రాసింది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోనే ఉంది, అందులో నేను ఉన్నాను. అరచెయ్యంత దూరం. నాకు నోరుంటే ఆ రోజు చాలా మాట్లాడేవాణ్ణి.

చిన్నంనాయుడు ఆ కాగితం పట్టుకుని జీడితోటకి వెళ్ళాడు. ఎల్లుండి పొద్దుటికల్లా పెట్టెలు ఎత్తేయాలని, లేదంటే పంచాయతీయే పొగబెట్టి తగలబెడుతుందని అసిరితల్లికి చెప్పి వచ్చాడు.

మర్నాడు మొదటి గంట కొట్టకముందే అసిరితల్లి బడికి వచ్చింది. కొంగున జీడాకు పొట్లం ముడివేసి ఉంది. స్టాఫురూము గుమ్మం దగ్గర నిలబడింది కానీ లోపలికి రాలేదు.

"మేడమ్మా, అవి నా పురుగులని రాసేసినావట."

షాహిదా టీచరు హాజరుపట్టీ మూసి, "రాశాను అసిరితల్లీ. నీ పొట్ట కొట్టాలని కాదు. పిల్లల సంగతి కదా" అంది.

"పిల్లల సంగతి నాకూ తెల్సు. కానీ అవి నా పురుగులు కావు. నా పురుగులు ఒక్కసోట నిలబడవమ్మా. పువ్వు మీద వాలతాయి, పనవగానే ఎల్లిపోతాయి. ఈ బడి కాడివి గాల్లోనే నిలబడి నన్ను సూత్తన్నాయి, పోలీసోళ్ళలాగ. ఆటి పాట కూడా ఏరే."

"నేను నా కళ్ళతో చూశాను. చారలున్నాయి. తేనెటీగలే."

"ఎక్కడినుంచి సూసినావు?"

"ఈ కిటికీలోంచి."

అసిరితల్లి ఆ కిటికీ వైపు ఒకసారి చూసింది. "అంత దూరం నుంచి సూస్తే నాను కూడా టీచరమ్మలాగే ఉంటాను. నానూ సీరే కదా కట్టుకుంటాను."

ఇద్దరు టీచర్లు నవ్వారు. షాహిదా నవ్వలేదు.

అసిరితల్లి పొట్లం తీసి గడప మీద పెట్టింది. "ఇందులో నా పురుగులు రెండున్నాయి, సచ్చిపోనవే. పూతమీదున్న తోట ఒగ్గేసి పెట్టెలు కదిపితే, మేతకెల్లినవి తిరిగొచ్చి ఇల్లు కనపడక సచ్చిపోతాయి. ఒకపాలి పక్కపక్కన ఎట్టి సూడమ్మ. అప్పుడు కూడా నావే అంటే, నానే పొగెడతాను." ఆమె వెళ్ళిపోయింది.

మొదటి పీరియడ్ షాహిదా టీచరుకి ఖాళీ. ఆమె కాసేపు ఆ పొట్లం చూస్తూ కూర్చుంది. తర్వాత మంచినీళ్ళ గాజుగ్లాసు, పరీక్ష అట్ట తీసుకుని బంతిమడి దగ్గరికి వెళ్ళింది. ఒక పురుగు పువ్వుకి జానెడు పైన కదలకుండా నిలబడి ఉంది. రెక్కలు కొట్టుకుంటున్నాయో లేదో కూడా తెలియడం లేదు. ఎవరో కనిపించని దారంతో దాన్ని వేలాడదీసినట్టుంది. అది పువ్వు మీద వాలేదాకా ఆగి, ఆమె గ్లాసు బోర్లించి, కింద అట్ట తోసింది. నాలుగేళ్ళలో ఆమె పట్టిన మొదటి పురుగు అదే.

లోపలికి వచ్చి సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. నేను బయటికి వచ్చేసరికి నాకొక జలుబు మాత్ర అంటుకుని ఉంది. దాన్ని గోటితో పీకి, నన్ను కొంగుతో తుడిచి, కంటికి బిగించుకుంది. వాళ్ళ నాన్న కంటికీ ఆమె కంటికీ గుంట ఒకటే కొలత. నేను సుఖంగా కూర్చున్నాను.

గ్లాసులో పురుగు కాసేపు గోల చేసి, అలిసి గోడకి ఆనుకుంది. అప్పుడు నేను చూపించాను. తలంతా కళ్ళే. ఆ కళ్ళ నిండా, ఎవరో తీరిగ్గా కూర్చుని పెట్టినట్టు, సన్నటి నల్లచుక్కలు. మీసాలు ఉన్నాయా లేవా అన్నట్టు రెండు పొట్టి మొలకలు. ఆమె జీడాకు పొట్లం విప్పి అసిరితల్లి పురుగుని పక్కన పెట్టింది. దాని కళ్ళు తలకి రెండు పక్కలా కోలగా ఉన్నాయి. మీసాలు పొడుగ్గా, మోచెయ్యిలా వంగి ఉన్నాయి. వెనక కాలికి పుప్పొడి పసుపుముద్ద అంటుకుని ఉంది. గ్లాసులోదాని కాళ్ళు మాత్రం ఏమీ మోయని సోమరి కాళ్ళు.

చివరికి రెక్కలు. చచ్చిన తేనెటీగ రెక్కని గుండుసూదితో మెల్లగా విప్పింది. ఒకటనుకున్నది రెండుగా విడిపోయింది. రెండో పక్క కూడా అంతే. మొత్తం నాలుగు. గ్లాసు చుట్టూ తల తిప్పి తిప్పి చూసింది. గ్లాసులోదానికి ఆ పక్కొకటి, ఈ పక్కొకటి. వాటి వెనక గుండుసూది తలల్లాంటి బుడిపెలు రెండు. అంతే.

"ఈగ. ఉత్త ఈగవి. ఎంత వేషం వేశావే" అని ఆమె పైకే అని నవ్వింది. పుస్తకంలో రెండు వాక్యాలుగా చదివి, పరీక్షలో రాసి, మర్చిపోయిన పురుగది. కుట్టే ముల్లు లేదు గనక, ముల్లున్నదాని చొక్కా తొడుక్కుని బతికేస్తుంది. పిట్టలు భయపడి దాన్ని వదిలేస్తాయి. ఎమ్మెస్సీ చదివినవాళ్ళు కూడా మోసపోతారు.

తను పెట్టిన సంతకం గుర్తుకొచ్చిందేమో, నవ్వు ఆగిపోయింది. ఆమె కన్ను ఇంకా నా వెనకే ఉంది. అది తడిగా మారడం నాకు తెలిసింది.

హెడ్మాస్టరుకి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సంతకం పెట్టాక వెనక్కి తీసుకుంటే బడి పరువేం కావాలమ్మా? రెక్కలు ఎవరు లెక్కపెడతారు, వదిలేయండి" అన్నాడు. ఆమె వదిలేద్దామనే అనుకుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు కనిపించింది. సాయంత్రం దాకా ఆ విషయం ఎత్తలేదు. రెండు క్లాసులు తీసుకుంది. నోటు పుస్తకాలు దిద్దింది. తప్పు రాసిన పిల్లల పుస్తకాల్లో ఎర్రసిరాతో సున్నాలు చుడుతూ చుడుతూ, ఒకచోట కలం ఆపింది. తర్వాత ఏ పుస్తకమూ దిద్దలేదు.

తెల్లవారి ఆమె తొలిబస్సుకే వచ్చింది. నేను సంచిలో కాదు, చేతిలో ఉన్నాను. రెండో చేతిలో ఖాళీ గ్లాసు, అట్ట. దారిలో బంతిమడి దగ్గర ఆగి ఒకదాన్ని పట్టింది. మేం జీడితోటకి వెళ్ళేసరికి పదిహేనుమంది మనుషులు, గోనెపట్టాలు, కిరసనాయిలు డబ్బా ఉన్నాయి. అసిరితల్లి పెట్టెల ముందు నేల మీద కూర్చుని ఉంది. ఎవరినీ తిట్టడం లేదు. లెమ్మంటే లేవడం లేదు, అంతే.

"ఆగండి నాయుడుగారూ. ఆ కాగితంలో నేను తప్పు రాశాను" అంది షాహిదా టీచరు.

చిన్నంనాయుడు జేబు తడుముకున్నాడు. "అదేటి మేడంగారూ. సంతకం మీదే గదా."

"సంతకం నాదే. చూడకుండా పెట్టాను. అవి తేనెటీగలు కావు, ఈగలు."

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆమె నన్ను వాళ్ళకి ఇచ్చింది. ఆ పావుగంట నా బతుకులో మరిచిపోలేనిది. సన్యాసమ్మ నన్ను పెట్టుకుని రెండు కళ్ళూ మూసేసి, "ఏటీ కనపడ్డం నేదు" అంది. ఇంకొకాయన నన్ను తిరగేసి పెట్టుకున్నాడు. మరొకాయన గ్లాసు వదిలేసి అసిరితల్లిని చూసి, మనిషి మసకగా ఉందన్నాడు. నన్ను ఎవరి కంట్లో పెట్టినా, వాళ్ళు ముందు చూసుకునేది తమ గోళ్ళనే. ఈ సంగతి నేను చాలాకాలంగా గమనించాను.

చిన్నంనాయుడు మాత్రం నన్ను ముట్టుకోలేదు. "రెండు రెక్కలో, నాలుగు రెక్కలో. రెక్కలు లెక్కెడితే నా మనవరాలి సెయ్యి అతుక్కుంటాదా?" అన్నాడు. "పొగెట్టండర్రా."

అప్పుడు షాహిదా టీచరు నన్ను తీసుకుని కంటికి బిగించుకుంది. గ్లాసు మీది అట్ట కొంచెం జరిపి, లోపల చెయ్యి పెట్టి, పురుగుని పిడికిట్లో మూసేసింది. దగ్గరున్నవాళ్ళు వెనక్కి జరిగారు. అందరూ ఆమె ధైర్యం చూశారు. నేను కంటి దగ్గరే ఉన్నాను గనక ఇంకోటి చూశాను. ఆమె కనురెప్ప పట్టుబడ్డ పిట్టలా కొట్టుకుంటోంది. ముల్లు లేదని నిన్న కళ్ళారా చూసింది. అయినా చెయ్యి కంటిమాట నమ్మడానికి టైము పడుతుంది.

ఎవరో అరవై దాకా అంకెలు లెక్కపెట్టారు. ఆమె పిడికిలి విప్పింది. అరచేతిలో చెమట, చెమటలో పురుగు. అది ఎగిరిపోలేదు. తీరిగ్గా కూర్చుని ముందుకాళ్ళు రెండూ ఒకదానికొకటి రుద్దుకుంది.

సన్యాసమ్మ ముందుకి వంగింది. "ఇది ఈగేనర్రా. బెల్లం మీద వాలినప్పుడు మా వంటింట్లో ఈగలు ఇలగే సేతులు పాముకుంటాయి."

ఆ మాటతో అందరికీ నమ్మకం కుదిరింది. రెక్కలు, మీసాలు, కళ్ళమీద చుక్కలు, నేను ఇంత కష్టపడి చూపించినవేవీ వాళ్ళని కదిలించలేదు. చేతులు రుద్దుకోవడం కదిలించింది. నాకు కొంచెం చిన్నతనమనిపించింది గానీ, సాక్ష్యం సాక్ష్యమే.

"ఈగైతే మరి కుట్టిందేటి?" అన్నాడు చిన్నంనాయుడు. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు.

"నన్నేదీ కుట్టలేదు తాతా."

లిఖిత మెడకి కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది. బడికి వచ్చి, జనాన్ని చూసి ఇటు వచ్చినట్టుంది. "కాలవ పలక తగిలి పడ్డాను."

"మరి ముందే ఎందుకు సెప్పలేదే?"

"ఎక్కడ కుట్టింది, ఎక్కడ కుట్టింది అని అందరూ అడిగారు. కుట్టిందా అని ఎవరూ అడగలేదు."

అసిరితల్లి పెట్టెల్లోంచి వస్తున్న పాట ఒక్కటే వినిపించింది.

చివరికి ఎవరో అన్నారు, "అయితే ఇన్ని ఈగలు ఎక్కడినుంచి ఒచ్చినాయి?" షాహిదా టీచరు రాత్రి పుస్తకాలు తిరగేసి వచ్చింది. ఈ రకం ఈగలు నిలిచిపోయిన మురికినీళ్ళలో పిల్లల్ని పెడతాయని, చూద్దాం రమ్మని చెప్పింది. అందరూ గోడ దాటి కుళాయిల దగ్గరికి వెళ్ళారు. చేతులు కడిగిన నీళ్ళు పోవడానికి కట్టిన కాలవ బంతిమడి దాటగానే ఆగిపోయింది. దాని చివర ఒక పలక పైకి లేచి ఉంది. పలక వెనక నల్లటి గుంట, అందులో పప్పు, మెతుకులు, నాలుగు నెలల కంపు. సన్యాసమ్మ పాత గరిటెతో ముంచి ఎత్తింది. గరిటెలో బూడిదరంగు పురుగులు, ఒక్కోదానికి ఎలుకతోక లాంటి తోక. ఆ తోకే వాటి ముక్కు. అది నీటిపైకి చాపి ఊపిరి పీల్చుకుంటాయని టీచరు చెప్పింది.

ఇప్పుడు చిన్నంనాయుడు చెయ్యి చాపాడు. ఆమె నన్ను ఇచ్చింది. ఆయన వంగి గరిటెలోకి చాలాసేపు చూశాడు. తోకపురుగుల్ని చూశాడు. తర్వాత తల కొంచెం తిప్పి లేచిన పలకని చూశాడు. పలక మీద సిమెంటు తడిగా ఉన్నప్పుడు రాసిన పంచాయతీ పేరూ, ఏడాదీ ఉన్నాయి. ఆ కాలవ పోయినేడాది సగం కట్టించి ఆపింది ఆయనే. నేను దాన్ని కూడా పదింతలు చేసి చూపించాను.

ఆయన నన్ను తీసి టీచరు చేతికి ఇచ్చేశాడు. "మేడంగారూ, మీ అద్దం ప్రతీదీ మరీ పెద్దది సేసి సూపిత్తాది" అన్నాడు.

పదిరోజుల్లో కాలవ పూర్తయింది. కాగితం చిరిగింది. దాని బదులు షాహిదా టీచరు ఇంకో కాగితం రాసి, పిల్లలందరి ముందు ప్రార్థన అయ్యాక చదివింది. 'నేను చూడకుండా సంతకం చేశాను' అనే వాక్యాన్ని కూడా ఆపకుండా చదివింది. హెడ్మాస్టరు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజునుంచి ఆమె పురుగుల పాఠం బంతిమడి దగ్గరే చెప్పింది. పిల్లలు నన్ను వరసలో నిలబడి పెట్టుకునేవారు. మన హిమాలయాల్లాంటి చలిచోట్ల ఒళ్ళంతా ఉన్నికోటు తొడుక్కున్నట్టుండే బొచ్చు తుమ్మెదలుంటాయని, వాటిని చూసి అచ్చంగా అలాంటి బొచ్చుకోటే తొడుక్కునే ఈగలు కూడా ఉంటాయని, పెద్దవాళ్ళే మోసపోతారని ఆమె చెబితే లిఖిత, "వాటికి కూడా రెండే రెక్కలా టీచర్?" అని అడిగింది. ఆ పిల్లే వీటికి 'వేషంఈగ' అని పేరు పెట్టింది. ఇప్పుడు జీలుగువలసలో అందరూ అదే అంటారు.

ఇంతవరకూ వింటే అంతా బాగా కుదిరిందనిపిస్తుంది. ఒకటి మిగిలిపోయింది. అసిరితల్లి టీచరుతో మాట్లాడలేదు. దారిలో ఎదురైనా తల తిప్పుకునేది. రెండు వారాలయ్యాక షాహిదా టీచరే తోటకి వెళ్ళింది. అసిరితల్లి పెట్టె మూత ఎత్తి పట్టుకుని ఉంది.

"నన్ను క్షమించు అసిరితల్లీ."

అసిరితల్లి మూత దించలేదు. "సూడకుండా రాసినావు, సూసి దిద్దుకున్నావు. బాగానే ఉంది. ఆ రెండిటి మద్దిన నాకు రెండు రేత్రులు నిద్ర నేదు. దాన్ని ఎవులు దిద్దుతారమ్మా?"

టీచరు ఏం చెయ్యాలో తెలియక నన్ను ముందుకి చాపింది. అసిరితల్లి కూడా ఏం చెయ్యాలో తెలియకే అందుకుందనుకుంటాను. కంటికి పెట్టుకుని, చట్రం మీద పాకుతున్న తన పురుగు మీదికి వంగింది. చాలాసేపు లేవలేదు.

"కంటి మీద ఎంటికలున్నాయి" అంది మెల్లగా. "తొమ్మిదేళ్ళుగా పెంచుతున్నాను. కంటి మీద ఎంటికలున్నాయని ఇయ్యేలే సూసినాను." తర్వాత తల ఎత్తకుండానే, "ఆ సెట్టు కింద పీట ఉంది, కూకో" అంది.

జూన్‌లో షాహిదా టీచరుకి బొబ్బిలి బదిలీ అయింది. వెళ్ళే ముందు వాళ్ళ నాన్నకి ఫోను చేసి అడిగింది. ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ, ఆమె నవ్వుతూ వచ్చి నన్ను అసిరితల్లి చేతిలో పెట్టి బస్సెక్కింది.

ఇప్పుడు నా మెడకి ఎర్రదారం. అసిరితల్లి గుండెల మీద వేలాడుతుంటాను. ఒంటి నిండా మైనం, పొగ వాసన. అంచు మీద చిన్న గీత కూడా పడింది. తేనెపట్టులో పేలు పట్టాయేమో చూడ్డం నా అసలు పని. కానీ చుట్టుపక్కల ఊళ్ళ జనం అగ్గిపెట్టెల్లో, ఆకుల్లో ఏదో ఒక పురుగుని పట్టుకొస్తూనే ఉంటారు. మందు కొట్టాలా వద్దా అని అడుగుతారు. ఆమె చెప్పిందే చేస్తారు.

మొన్న చిన్నంనాయుడు వచ్చాడు. ఆయన చేతిలో స్టీలుగ్లాసు, గ్లాసు మీద అందరిలా ఆకు కాదు, మంచి ఇస్త్రీ చేసిన జేబురుమాలు. కొత్తగా కడుతున్న ఇంటి ద్వారబంధాల దగ్గర ఒక నల్లటి బొచ్చు పురుగు తిరుగుతోందట. తుమ్మెదైతే కర్రకి బెజ్జాలు పెట్టేస్తుందని భయం. మందు కొట్టేవాణ్ణి పిలిచి, ఇంటి దగ్గర కూర్చోబెట్టి వచ్చాడు. "సూసి సెప్పు అసిరితల్లీ" అన్నాడు.

అసిరితల్లి చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. నన్ను కొంగుతో శుభ్రం చేసి కంటికి బిగించి, రుమాలు అంచు ఎత్తి లోపలికి చూసింది. తుమ్మెదంత ఒళ్ళు, తుమ్మెదలాంటి బొచ్చు. ఆ పక్కొక రెక్క, ఈ పక్కొక రెక్క. తలంతా కళ్ళు.

ఒక్క క్షణంలో మా ఇద్దరికీ తెలిసిపోయింది.

"ఏటి?" అన్నాడు సర్పంచి, ఎండలో నిలబడి, చొక్కా వీపుకి అంటుకుంటుంటే.

"ఉండు బాబూ" అంది అసిరితల్లి, గ్లాసుని మెల్లగా ఇంకో వైపు తిప్పుతూ. "ఇంకా సూత్తన్నాను."